గోనెలంకలో ముడి విప్పే మొక్కు

గోదావరి పాయ నడుమ, రెల్లు పొదల మధ్య వెలసిన గోనెలంక అమ్మవారి దర్శనానికి వచ్చే భక్తులు మొదట కాస్త తికమకపడతారు. మిగతా క్షేత్రాలలో మొక్కుకున్నవారు ముడుపు కడతారు. ఇక్కడ ముడి విప్పుతారు. గర్భగుడిలో విగ్రహం లేదు. పీటమీద ఒక పాత పురికొస మాత్రం ఉంటుంది. మెట్లమీద, అర్చకుని ఒడిలో, చివరకు హుండీ మీద కూడా పిల్లులు నిద్రపోతుంటాయి. వాటిని లేపవద్దని మనవి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, పిల్లులు మాత్రం ఉండేవి. ఒడ్డున ఉన్న ఊళ్ళవారు తమకు అక్కరలేని పిల్లులను గోనెసంచిలో మూతికట్టి పడవెక్కించేవారు. నీళ్ళు దాటిస్తే తిరిగి దారి పట్టలేవని వారి నమ్మకం. రేవు నడిపే సింగరయ్య వాటిని లంకలో దింపేవాడు. మూతి విప్పి వదలమనే అందరూ చెప్పేవారు. గోళ్ళకు భయపడి అతడు విప్పకుండానే వచ్చేసేవాడు. అవే కొరుక్కుని బయటపడతాయని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు.

అతని ఒక్కగానొక్క కూతురు వెంకాయమ్మ. రెండు కాన్పులు పోయి, మూడోసారి నెలలు నిండి పుట్టింట ఉంది. ఆ బెంగతో సింగరయ్యకు అన్నం సహించేది కాదు. ఒకనాటి మధ్యాహ్నం రేవులో కునుకు పట్టగా, పసుపు చీర కట్టిన పెద్దావిడ కలలో కనిపించి, "కట్టి ఉన్నది విప్పు. అప్పుడు నేనూ విప్పుతాను" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఏది విప్పాలో చెప్పలేదు. సింగరయ్యకు బుర్ర తిరిగిపోయింది. తలపాగా విప్పాడు. గేదె పలుపు విప్పాడు. అది వెళ్ళి పక్కవారి జనుము చేలో పడింది. కూతురు పడుకున్న మంచం నులక విప్పబోతే భార్య నూకమ్మ చీపురు తిరగేసింది.

"ఏవయ్యా, గాలేమైనా సోకిందా? పిల్ల నేలమీద కనాలా?"

"నాకేం తెలుసే! ఆవిడ విప్పమంది. ఏంటో చెప్పి చావలేదు."

చివరకు రేవుకు పరుగెత్తి పడవ తాడు విప్పేశాడు. సరిగ్గా అప్పుడే ఇంట్లో నొప్పులు మొదలయ్యాయని కబురు వచ్చింది. మంత్రసాని కాశమ్మ ఉండేది అవతలి ఒడ్డున. పడవ చూస్తే ప్రవాహంలో పడి కొట్టుకుపోతోంది. చేజేతులా కూతురి ప్రాణం మీదికి తెచ్చానని లబలబలాడుతూ సింగరయ్య నీళ్ళలోకి దూకాడు.

పడవ లంక ఇసుకలో తట్టుకుని ఆగింది. అక్కడికి ఈది, దాన్ని నెట్టబోతుండగా, ముందురోజు తాను దింపిన సంచి కదిలింది. లోపలినుంచి సన్నని అరుపు వినిపించింది. ఆగితే కాశమ్మను తేవడం ఆలస్యమవుతుంది. ఎటూ తోచక నిలబడిపోయాడు. ఇంట్లో కూతురు కూడా ఇలాగే అరుస్తూ ఉంటుందన్న తలపు రాగానే, ఏడుస్తూ ఆ ముడిమీద పడ్డాడు. నానిన పురికొస చేతికి లొంగకపోతే పళ్ళతో లాగి విప్పాడు. బక్కచిక్కిన తల్లిపిల్లి, దాని వెనక మూడు కూనలు బయటికి వచ్చాయి. పక్కన ఇంకా నాలుగు సంచులున్నాయి. అవి కదలలేదు.

కాశమ్మను ఎక్కించుకుని ఇల్లు చేరేసరికి, మనవరాలు పుట్టి కేరుకేరుమంటోంది. తల్లీబిడ్డా క్షేమం.

"ఎప్పుడు కనింది? నేను పడవను విప్పినప్పుడా, సంచిని విప్పినప్పుడా?" అని సింగరయ్య ఆత్రంగా అడిగాడు.

"ఆ గోలలో ఎవరు చూశారయ్యా!" అంది నూకమ్మ.

ఏ ముడి విప్పినందుకు అమ్మ కరుణించిందో అతనికి బతికినన్నాళ్ళూ తేలలేదు. కదలని ఆ నాలుగు సంచుల విషయంలో మాత్రం ఏ సందేహమూ లేదు. వాటిని తలచుకుని కుమిలిపోయేవాడు. లంకలోనే పాక వేసుకుని, వదిలేసిన ప్రతి పిల్లికీ చేపలన్నం పెడుతూ, ఆ పురికొసనే అమ్మగా కొలిచాడు.

నేటికీ నిండుచూలాలి తరఫున వచ్చినవారు ఏది విప్పాలో తెలియక కొంగుముడి, జడముడి, చేతిసంచి ముడి అన్నీ విప్పుతారు. చేపలన్నం ముందు పిల్లులకు వడ్డించి, తరువాతే భక్తులకు పెడతారు. ఈ సేవ చేసినవారికి సుఖప్రసవం, సంతానక్షేమం కలుగుతాయని పెద్దలు చెబుతారు. ఇప్పటికీ కొన్ని ఉదయాలలో రేవు మెట్లమీద మూతికట్టిన సంచి ఒకటి కనిపిస్తుంది. ఎవరు పెట్టారని ఇక్కడ అడగరు. అర్చకుడు గుడి తలుపు తీయకముందే వెళ్ళి ఆ ముడి విప్పుతాడు. ఆనాటికి అదే అమ్మవారి తొలిపూజ.