ఘనపాఠిగారింటి మడినీళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో, వైశాఖ శుద్ధ తదియ, శనివారం నాడు, పొద్దు బారెడెక్కిన వేళకి, నరహరి ఘనపాఠిగారు కోడలు తెచ్చిన మడినీళ్ళ బిందె పెరట్లో కుమ్మరించేశారమ్మా. ఆయన వేదమంతా కంఠతా వచ్చిన పెద్దాయన.

ఎందుకంటావా? కోడలు కనకాంబ బిందె మూతికి పాతచీర గుడ్డ నాలుగు మడతలేసి కట్టి, నీళ్ళు వడపోసింది.

"మడినీళ్ళకి మైలగుడ్డా, అమ్మాయ్? వీటితో దేవుడికి మహానైవేద్యం ఎలా పెట్టను?" అని, ఆయనే దిగుడుబావికి వెళ్ళి వేరే బిందెడు తెచ్చారు.

ఆ బావినీళ్ళు తాగితే కాళ్ళకి నారికురుపు లేచేది. కురుపులోంచి దారప్పోగులాంటి పురుగు రోజుకింత బయటికొచ్చేది. కనకాంబ పెనిమిటి రెండు నెలలుగా మంచం దిగలేదు. నాలుగేళ్ళ కూతురు గౌరి తాగేదీ ఆ నీళ్ళే. కనకాంబ పుట్టినూళ్ళో మాత్రం అందరూ వడపోసుకునే తాగుతారు. అక్కడ ఈ జబ్బు లేదు.

ఆ తర్వాత, ఆదివారం, ఆ గుడ్డనే మడిగా ఆరేసి కట్టింది. "ఎంతైనా కట్టి విడిచిన చీరే కదా," అని కుమ్మరించారు. సోమవారం కొత్తగుడ్డ కట్టింది. "మన ఇంటి ఆచారంలో లేదు," అని మూడో బిందె కూడా కుమ్మరించారు.

అప్పుడు కనకాంబ గౌరిని ఒళ్ళో వేసుకుని, ఖాళీ బిందె పక్కన కూర్చుంది.

"మామగారూ, నాకు శాస్త్రం తెలీదు. పవిత్రం, పవిత్రం అంటారే, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పండి. అలాగే నడుచుకుంటాను."

పాఠం చెప్పడమంటే ఆయనకి ప్రాణం. "శుద్ధి చేసేది ఏదో అది పవిత్రం. వేదకాలంలో సోమరసం వడపోసేవారు చూడు, ఆ గొర్రెబొచ్చు వడపోతకే పవిత్రం అని పేరు..." అని ఆగిపోయారు.

"గొర్రెబొచ్చుతోనా అండీ?" అంది కనకాంబ. వెటకారం కాదు, నిజంగానే తెలీక అడిగింది.

అరవై ఏళ్ళుగా వల్లిస్తున్న మాట. ఆయన ఇంకా కురుపు లేవని గౌరి పాదాలకేసి చూశారు.

"మురికి తను పట్టుకుని, మంచి మనకి వదిలేది," అన్నారు, తనలో తను అనుకున్నట్టు. "కట్టు తల్లీ, ఆ గుడ్డ."

"మళ్ళీ కుమ్మరించరు కదా?"

"మూడు రోజులు బావి మెట్లెక్కి నడుం పట్టేసింది. ఇంకేం కుమ్మరిస్తాను."

మర్నాడు పొద్దున్నే ఘనపాఠిగారు తన ఉత్తరీయం ఉతికి, నాలుగు మడతలేసి, బిందె మూతికి తనే కట్టారు. నీళ్ళు దిగేదాకా ఇంట్లోవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. మొదటి గిన్నె గౌరికి పట్టి, రెండోది దేవుడి ముందు పెట్టారు.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమేమో మనింటికి.