మెట్లు దిగని ఆజ్ఞ

ఒకానొక రాజ్యంలో ఉద్దండరాయుడనే రాజు ఉండేవాడు. ఏ రాజ్యమని మాత్రం అడక్కండి. అది చెప్పాలన్నా ఆయన అనుమతి కావాలి.

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు కదా. ఆ రాజ్యంలో శివుడు సరేనన్నా, చీమ ఉద్దండరాయుడి మాట కోసం ఆగాల్సిందే. తోటమాలి పాదుకి నీళ్ళు పోయాలంటే ఆజ్ఞ. తూము కాపరి తలుపెత్తాలంటే ఆజ్ఞ. వంటశాలలో ఎసరు మరిగి మరిగి సగమైపోతున్నా, పైనుంచి మాట వస్తే గానీ వంటవాడు బియ్యం పోయడు. ఇక ఆ అన్నం ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

రాజుగారు పై ఉప్పరిగలో కూర్చునేవాడు. పనివాళ్ళు కింద వాకిట్లో పడిగాపులు పడేవారు. వాళ్ళ మాట నేరుగా చెవిన పడటం ఆయనకు నామోషీ. అందుకని వాళ్ళ ప్రశ్న పైకి, తన జవాబు కిందికి మోయడానికి కొండుభొట్లు అనే ఆస్థాన పండితుణ్ణి పెట్టాడు. ఒకసారి కొలువులో నవ్వకూడని చోట నవ్వాడు పాపం భొట్లు. ఆ నవ్వుకి పడిన శిక్షే ఈ మెట్లు. ఆయన నోటికెంత పదునో మోకాళ్ళకంత నొప్పి.

ఇంత ఆర్భాటపు రాజుకీ లోపల ఒక మెత్తని చోటుండేది. తల్లి పురిట్లోనే పోతే, ఆయన్ని చంకనేసుకుని పెంచింది అక్క మైలాంబ. ఆమెను ఏటి దిగువన, సముద్రానికి దగ్గర్లో ఉన్న లంకకు దొర అయినవాడికిచ్చి పెళ్ళి చేశారు. పొద్దున్నే పడవెక్కితే పొద్దుగూకేలోపు చేరే దారి. అయినా పట్టాభిషేకం అయ్యాక రాజు ఆ గడప తొక్కిన పాపాన పోలేదు. ఏటేటా చలికాలంలో ఆమె పడవవాడి చేత తేగల కట్ట పంపి, తమ్ముణ్ణి ఒకసారి రమ్మన్నానని చెప్పమనేది. రాజు తేగను చీల్చి, లోపలుండే లేత మొలకను, పిల్లలు చందమామ అంటారే, దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాడు. చిన్నప్పుడు తన తేగలో చందమామను కూడా అక్క ఆయన నోట్లోనే పెట్టేది.

ఆ ఏడు పుష్యమాసంలో కట్టతో పాటు వచ్చిన కబురు వేరు. కళ్ళకు మసక కమ్ముతోందట. వాకిట్లోకి ఎవరొచ్చారో గొంతు వింటే గానీ పోల్చుకోలేకపోతోందట. తమ్ముడి మొహం ఆనే రోజుల్లోనే ఒకసారి వచ్చి కనబడి పొమ్మని ఆమె ప్రార్థన.

రాజు ఉప్పరిగ అంచుకి వెళ్ళి ఏటి దిగువకు చూస్తూ నిలబడ్డాడు. అక్కడినుంచి లంక కనపడదు. అయినా చూశాడు.

"వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది భొట్లూ," అన్నాడు. "కానీ నేనటు కదిలితే, ఇటు పొయ్యిలో పిల్లి కూడా లేవదు."

భొట్లు తాను కిందినుంచి మోసుకొచ్చిన ప్రశ్న మనవి చేశాడు. పట్టపుటేనుగు మేత ముట్టడం లేదు, ఏం చెయ్యమంటారు అని. రాజు కళ్ళు తుడుచుకుని, మిరియాలూ బెల్లమూ దంచి ముద్దలు తినిపించమని సెలవిచ్చి, మళ్ళీ ఏటి వైపు తిరిగాడు.

భొట్లు మెట్లు దిగుతూ మధ్యలో ఆగిపోయాడు. మోకాళ్ళ నొప్పి వల్ల కాదు. ఆయనకూ ఒక అక్క ఉండేది. చూద్దాం, వెళదాం అనుకుంటూ ఉండగానే ఆ మనిషి వెళ్ళిపోయింది. ఆ బాధ పగవాడిక్కూడా వద్దనుకున్నాడు.

కిందికి వచ్చి మావటి గురవప్పను పక్కకి పిలిచి, "ఏమోయ్, ఏనుగుకి ఏం చేస్తే బాగుంటుందని నీకు తోస్తోంది?" అని అడిగాడు.

గురవప్ప బిక్కచచ్చిపోయాడు. తండ్రి పోయాక ఆ మాట తననెవరూ అడగలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని లోపల్లోపల ఎన్నేళ్ళు కాచుకున్నాడో. చివరికి నేల చూపులు చూస్తూ, దాని దవడ వాచిందని, గట్టి మేత మానిపించి గంజి పట్టాలని, పూటపూటా ఏట్లో నిలబెట్టాలని చెప్పాడు.

"రాజుగారి ఆజ్ఞ కూడా సరిగ్గా అదే," అన్నాడు భొట్లు. "వెళ్ళు మరి. ఏనుగు నీది."

ఆ రోజునుంచి అదే వరస. రాజు పైన ఆజ్ఞ ఇచ్చేవాడు. భొట్లు చిత్తమనేవాడు. ఆ ఆజ్ఞ మెట్ల మధ్యలో ఆగిపోయేది. కిందికి వచ్చింది మాత్రం ఒకటే ప్రశ్న: నీకేం తోస్తోంది?

అందరూ గురవప్పలా చప్పున చెప్పేశారనుకోకండి. చాలామంది, మాకెందుకొచ్చిన గొడవ, ఆజ్ఞ రానివ్వండి బాబూ అన్నారు. ఏళ్ళ తరబడి ఆలోచన మానేసిన బుర్రలు మరి, తుప్పు వదలొద్దూ! తప్పయితే నా నెత్తిన వేసుకుంటానని భొట్లు ఒక్కొక్కరికీ ధైర్యం చెప్పాడు. మొదటిరోజు వంటవాడు పప్పులో ఉప్పు బాగా ఎక్కించాడు. రాజుగారు మొహం చిట్లించుకుని అలాగే తిన్నాడు. తన ఆజ్ఞ ప్రకారమే వండారనుకున్నాడు, ఇక ఎవరిని తిడతాడు? మర్నాటినుంచి వంటవాడు తనే రుచి చూసుకోవడం నేర్చాడు. తూము కాపరి నూకయ్య పొలాల వెంట తిరిగి ఏ చేను బీటలు వారిందో చూసి వచ్చాడు. కొన్నాళ్ళకి వాకిట్లో పడిగాపులు పలచబడ్డాయి. ముందు పని చేసి, తర్వాత వచ్చి చెప్పిపోవడం మొదలైంది.

మాఘమాసం వచ్చేసరికి ఏనుగు తొండం ఎత్తి తిరుగుతోంది. చివరి చేలకి కూడా నీళ్ళందాయి. ఉద్దండరాయుడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నిండు కొలువులో మీసం దువ్వి, ఇదంతా తన ఆజ్ఞల మహిమేనని, రాయి మీద చెక్కించి కోటగుమ్మంలో పాతిస్తానని ప్రకటించాడు.

"నా ఆజ్ఞల్లో ఒక్కటి తప్పిందని చూపించండి. చూపినవాడు కోరిందల్లా ఇస్తాను," అన్నాడు.

కొండుభొట్లు మోకాలు పట్టుకుని లేచాడు.

"ఒక్కటీ తప్పలేదు ప్రభూ. కింది దాకా చేరితే కదా తప్పడానికి."

రాజుకి అర్థం కాలేదు. భొట్లు దాపరికం లేకుండా అంతా చెప్పాడు. పుష్యమాసం నుంచీ ఏలినవారి ఆజ్ఞ ఒక్కటీ మెట్లు దిగలేదని, ఎవరి పని వాళ్ళ ఆలోచన మీదే జరిగిందని, రాజుగారి పేరు మాత్రం తాను అరువు తెచ్చుకున్నానని.

రాజు మొహం కందగడ్డయింది. "నీ తల తీయించమని ఆజ్ఞ ఇస్తున్నాను," అన్నాడు.

"చిత్తం," అన్నాడు భొట్లు. "దాన్ని మాత్రం ఇంకెవరి చేతనైనా కిందికి పంపండి ప్రభూ. నేను మోసుకెళితే ఏమవుతుందో ఇప్పుడే మనవి చేసుకున్నాను."

ఎవరో మూలన కిసుక్కుమన్నారు. రాజు అటు చూడలేదు. గురవప్పను పైకి రప్పించి, తాను చెప్పినట్టు మిరియాల ముద్దలు తినిపించి ఉంటే ఏమయ్యేదని అడిగాడు. ఆయన ఒక మావటిని నేరుగా ప్రశ్న అడగడం అదే మొదలు.

గురవప్ప చేతులు కట్టుకున్నాడు. "ఏనుగు సంగతి దేవుడెరుగు ప్రభూ. నా సంగతి చెబుతాను. తమరి మాట మీద చేస్తే, అది చచ్చినా నా తప్పు కాదని ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి. నా మాట మీద చేశాను కాబట్టి, అది లేచేదాకా దాని పక్కనే పడుకున్నాను."

ఉద్దండరాయుడు మాట్లాడినప్పుడు ఆ గొంతులో రాజు లేడు.

"అయితే భొట్లూ, ఇక నేనెందుకు?"

"కరువొస్తే గాదెలు తెరిపించడానికి మీరు కావాలి. పగవాడు పైబడితే ముందు నిలబడటానికి కావాలి," అన్నాడు భొట్లు. "ఇవాళ మాత్రం ఒక్కచోటే కావాలి. ఏనుగుకి మావటి ఉన్నాడు. తూముకి కాపరి ఉన్నాడు. మైలాంబగారికి తమ్ముడు మీరొక్కరే. అందరి పనులూ అందరికీ పంచాను గానీ, ఆ పని ఎవరికివ్వాలో తోచక మీకే వదిలేశాను ప్రభూ."

రాజు నవ్వాడు. ముందు చిన్నగా, తర్వాత ఉప్పరిగ దద్దరిల్లేలా. ఆ నవ్వులోనే కళ్ళు నీళ్ళయ్యాయి. భుజం మీది జరీ శాలువా తీసి భొట్లుకి కప్పి, మాట ప్రకారం ఏదైనా కోరుకోమన్నాడు. ఆ మెట్లెక్కి దిగే పని తప్పిస్తే అదే పదివేలన్నాడు భొట్లు. మెట్లు దిగి నేనే మాట్లాడతానన్నాడు రాజు.

మర్నాడు తెల్లవారగానే పడవ కదిలింది. ఏరు రెండు పాయలయ్యే చోట సరంగు ఆగి, ఏ పాయలో పోనిమ్మంటారని అడిగాడు. రాజు చెయ్యెత్తి ఏదో అనబోయి, చెయ్యి దించేశాడు. ఏరు నీకు తెలుసు, తొందరగా చేర్చు చాలు అన్నాడు.

పొద్దు వాలుతుండగా లంకలో మైలాంబ అరుగు మీద కూర్చుని ఉంది. ఎదురుగా మనిషి నిలబడ్డాడు. ఆమె కళ్ళు చికిలించింది. రాజు నోరు విప్పలేదు. గొంతు వినకుండా పోలుస్తుందో లేదోనని చూశాడు.

ఆమె రెండు చేతులూ చాచి ఆయన చెంపలు పట్టుకుంది.

"వచ్చావురా అబ్బీ."

"కనిపిస్తున్నానా అక్కా?"

"మీసం కనిపిస్తోంది. మిగతాది నాకు తెలుసు."

ఆపైన ఎన్నేళ్ళ కబుర్లో. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆయనకీ తెలీదు. దొర ఇంటి ఆడపడుచు ఎవరో వేడివేడి తేగలు తెచ్చి పెట్టింది. మైలాంబ ఒకటి తీసుకుని, చూపుతో పని లేకుండానే చీల్చి, వేళ్ళతో తడిమి చందమామను బయటికి తీసింది. అది నువ్వు తినక్కా అని ఆయన మొదలుపెట్టాడో లేదో, "నోరు మూసుకుని తిను," అంది.

ఉద్దండరాయుడు నోరు మూసుకుని తిన్నాడు. పట్టాభిషేకం అయినప్పటినుంచీ ఆయన ఆజ్ఞలు ఇవ్వడమే గానీ, ఒకరి ఆజ్ఞ పాటించడం అదే మొదటిసారి.