తోటలో పాతిన సరిహద్దు

రోమా చక్రవర్తులు ఏలిన కాలం నాటి ముచ్చట ఇది. అక్విలియనుడనే చక్రవర్తి ఉండేవాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

డాన్యూబ్ నదికి అవతల ఉన్న కొండసీమను ఆయన తండ్రి జయించాడు. కొడుకు హయాంలో అది కాస్తా చేజారిపోయింది. చివరి యుద్ధంలో చక్రవర్తి తమ్ముడు కూడా పోయాడు. ఆ మాట మాత్రం ఆయన ఎన్నడూ ఎత్తేవాడు కాదు.

వెనక్కి మళ్ళిన సైన్యం అక్కడి సరిహద్దు రాయిని పెకలించి బండిమీద తెచ్చింది. చక్రవర్తి దాన్ని రాజభవనం తోటలో పాతించాడు.

"రాయి మన దగ్గరుండగా సీమ ఎక్కడికి పోయింది? పోయిందన్నవాడి నాలుక కోయిస్తాను" అన్నాడు.

సభలో అందరూ తలలూపారు. తల ఊపితే పోయేదేముంది, నాలుక దక్కుతుంది.

ఆస్థానంలో హాస్యగాడు జూరాసుది ఆ కొండసీమే. పద్దెనిమిదో ఏట బందీగా వచ్చి ఇరవై ఏళ్ళుగా నవ్వించి బతుకుతున్నాడు. నవ్వించేది రోమా భాషలో, కలలు వచ్చేది తన భాషలో. ఆ భాషలో పలకరించే మనిషి లేక వంటశాల వెనక కట్టేసిన ముసలి పొట్టేలుతో కబుర్లు చెప్పుకునేవాడు. మా ఊళ్ళో ఈపాటికి మంచు కరిగి ఉంటుందిరా అనేవాడు. అది నెమరువేస్తూ వినేది. పాపం, అతనికి ఇంటిమీద బెంగ ఒక్కనాడూ తీరలేదు.

ఎన్నిసార్లు సెలవడిగినా చక్రవర్తిది ఒకటే జవాబు: "బందీ సరిహద్దు దాటరాదు."

ఆ ఏడు సరిహద్దు పండుగ వచ్చింది. పూజారి రాయికి పూలదండ వేసి తేనె పోశాడు. జూరాసు ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, మన సామ్రాజ్యానికి సరిహద్దు ఎక్కడ?"

"కళ్ళు లేవట్రా? ఈ రాయి ఎక్కడుంటే అక్కడే!"

"దేవతల సాక్షిగా?"

"ముమ్మాటికీ!"

జూరాసు దండం పెట్టి, ఒక్క అంగలో రాయి దాటి అవతల గడ్డిమీద చతికిలబడ్డాడు. "సెలవు ప్రభూ. పరాయి దేశం చేరుకున్నాను."

భటులు ఉరికారు. జూరాసు చెయ్యెత్తాడు. "ఆగండి నాయనలారా! రోమా ఆచారం ప్రకారం పూజారిగారు ఈటె విసిరి యుద్ధం ప్రకటించకుండా సైనికుడు సరిహద్దు దాటొచ్చా?"

భటులు పూజారిని చూశారు. పూజారి తల అడ్డంగా ఊపాడు. "దాటకూడదు ప్రభూ. మహాపాపం."

"అయితే విసురు ఈటె!" అని గర్జించాడు చక్రవర్తి.

"విసిరే ముందు ఇటు చూడండి ప్రభూ" అన్నాడు జూరాసు. "రాయికి ఇవతల, నేనున్న వైపున ఉన్నవి తమరి వంటశాల, తమరి పడకగది. యుద్ధమంటూ వస్తే మధ్యాహ్నం భోజనం ఎవరు పెడతారు? అదంతా ఎందుకు, ఇది ఉత్త రాయి అని ఒక్క మాట అనండి. నేనే వచ్చేస్తాను."

జూరాసుకు లోపల భయంగానే ఉంది. నాలుక పోతే పొట్టేలుతో కూడా మాట్లాడలేడు.

చక్రవర్తి రాయి దగ్గరికి వచ్చి దానిమీద చెయ్యి వేశాడు.

"ఉత్త రాయేరా" అన్నాడు నెమ్మదిగా. "మా తమ్ముణ్ణి ఆ నది ఒడ్డున పాతిపెట్టి వచ్చాం. ఆ సీమ పోయిందంటే వాడు పరాయి నేలలో పడుకున్నట్టు. అందుకే నోరు రాలేదు."

జూరాసు లేచి, రాయి దాటి వెనక్కి వచ్చాడు. అన్నమాట ప్రకారం మళ్ళీ బందీగా నిలబడ్డాడు.

చక్రవర్తి తెల్లబోయి చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"గెలిచినవాడు తిరిగొస్తాడట్రా, వెర్రివాడా! ఇంటికి పో. ఒక గుర్రం నీది, ఒక సంచీ బంగారం నీది. ఈ తేనె కుండ మాత్రం నీది కాదు. ఏటా ఈ పండుగనాడు మావాడి సమాధిమీద కాస్త పొయ్యి."

"పోస్తాను ప్రభూ. పరాయి నేల అనుకోకండి. అది మా ఊరు" అన్నాడు జూరాసు.

అతను గుర్రమెక్కబోతుంటే చక్రవర్తి మళ్ళీ కేకేశాడు.

"ఒరే, ఆ పొట్టేలును కూడా తోలుకుపో! నువ్వు పోయాక ఇక్కడ దాని భాష ఎవరికొచ్చు?"