జంట లేని పాదం

అనగనగా ఒక రాజు. ఆయనకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురు వకుళ తల్లి లేని పిల్ల కావడంతో, కోటలో వడ్లు దంచే సింగమ్మ దగ్గర పెరిగింది. రాజుగారికి అది మహా నామోషీ.

ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడున్నాడు. వాడి ప్రాణం ఒక చిలక పాటలో ఉంది. ఆ చిలక వాడి గొప్పలన్నీ ద్విపద కథగా పాడుతుంది. "ఇందులో లోటు చెప్పు, లేదా రాయివైపో" అనేది వాడి పందెం.

పేరు కోసం పెద్దవాడు వెళ్ళాడు. "ఏ లోటూ లేదు" అన్నాడు, రాయయ్యాడు. అన్న కోసం రెండోవాడు వెళ్ళాడు. "కథలో నిజం లేదు" అన్నాడు, రాయయ్యాడు.

"నేను వెళ్తాను" అంది వకుళ.

"రోలు తప్ప నీకేం తెలుసే?"

"అది బాగా తెలుసు నాన్నగారూ. అందుకే వెళ్తున్నాను."

సింగమ్మనీ, కొయ్యరోలునీ, రెండు రోకళ్ళనీ పడవెక్కించింది. ఒకటి దాటింది, రెండు దాటింది, ఏడు సముద్రాలూ దాటింది.

కరాళుడు పగలబడి నవ్వాడు. "పండితులొచ్చారు గానీ, రోలుతో ఎవరూ రాలేదు."

"వాళ్ళు చెవులతో విన్నారు. మేం చేతులతో వింటాం. పాడించు."

ద్విపదంటే పాదాలు జంటలుగా నడుస్తాయి పిల్లలూ, జంటలో రెండింటికీ రెండో అక్షరంలో ఒకే హల్లు పలుకుతుంది. సింగమ్మ దంపుడు పాటలూ అంతే. పాదానికి నాలుగు రోకటి పోట్లు. మొదటి పాదం వకుళది, రెండోది సింగమ్మది. చిలక పాడుతుంటే ఇద్దరూ దంచారు. నడక కుంటలేదు, ప్రాస తప్పలేదు. మధ్యాహ్నం దాటింది.

"నాకు సాటి జగాన నరుడెవ్వడింక" అని పాడి చిలక నోరు మూసింది. ఆ పాదం వకుళ దంచింది. సింగమ్మ రోకలి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది.

"నా వంతు రాలేదేంటమ్మా?"

"లోటు అదే సింగమ్మా. కథ పూర్తయితే ప్రాణం పోతుందని వీడు జంట పాదం మింగేశాడు."

కరాళుడి మొహం పాలిపోయింది. "ఒక అన్ననిస్తాను. ఊరుకో."

"నన్ను ఊరుకోమనడానికి నువ్వెవడివి? ఇద్దరూ కావాలి" అని వకుళ గొంతెత్తి పాడింది.

"రోకలి పట్టిన రోజిదే చూడు."

సింగమ్మ నాలుగు పోట్లూ వేసింది. నాలుగో పోటుకి కరాళుడు కూలాడు. చిలక ఎగిరిపోయింది. అన్నలిద్దరూ ఒళ్ళు దులుపుకుని లేచారు.

రాజుగారు సిగ్గుపడి సింహాసనం కూతురికే ఇచ్చారు. కొలువులో ఏ కవైనా ముందు సింగమ్మ రోలు దగ్గర చదవాల్సిందే. రోకలి ఆగకుండా చదివినవాణ్ణి వకుళ ఏరి పెళ్ళాడింది, నిండు నూరేళ్ళు ఏలింది. ఇదీ కథ. నేనైతే సగంలో ఆపలేదు.