పలక మీద పేరు

"అమ్మా, నాలుగు కోట్లు ఊరికే ఇస్తామంటే పుచ్చుకోవడం తప్పా?" అని అడిగాడు సుదర్శనం.

చెంచమ్మగారు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. చీరాల నుంచి బాపట్ల వెళ్ళే రోడ్డు పక్కన ఆవిడ సత్రం ఉంది. ఒకప్పుడు హోటల్లో వంటమనిషి. ఇప్పుడు నలుగురూ గురువంటారు గాని ఆవిడ ఆ మాట చెవిన పెట్టదు. ప్రశ్న వేసినవాడికి మాటలతో జవాబు చెప్పడం ఆవిడకు అలవాటు లేదు. సత్రానికి మాత్రం ఒక నియమం పెట్టుకుంది. ఆ పూట వచ్చింది ఆ పూటే పొయ్యి ఎక్కాలి, రేపటికి దాచకూడదు. ఎవరి సొమ్ముతో వండారో వాళ్ళ పేరు గుమ్మం పక్కనున్న నల్ల పలక మీద రాయాలి. ఆ పేరు పైకి చదివి, అందరూ "అన్నదాతా సుఖీభవ" అన్నాకే ముద్ద ఎత్తాలి. చేనేత సొసైటీలో గుమాస్తాగా చేసి దిగిపోయిన సుదర్శనం ఆరేళ్ళుగా ఆ పలక రాస్తున్నాడు. ఆవిడ శిష్యుడినని చెప్పుకుంటాడు.

నాలుగు కోట్ల కథ గాడిద దగ్గర మొదలైంది. సత్రానికి బియ్యం మోసే గాడిద పేరు దొరబాబు. కిందటి నెలలో ఎవరో పెద్దమనిషి కార్ల వరస వస్తుంటే రోడ్డుకి అడ్డంగా నిలబడి, ఎంత హారన్ కొట్టినా అరగంట కదల్లేదు. ఆ వీడియోని ఊరూ వాడా చూసి నవ్వుకున్నారు. హైదరాబాదు నుంచి తారకేష్ అనే కుర్రాడు ఆ నవ్వుకి ఒక ధర కట్టాడు. దొరబాబు బొమ్మతో ఒక టోకెన్ పుట్టించి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టాడు. అది కంటికి కనపడేది కాదు, చేతికి అందేది కాదు, ఫోన్లో ఒక అంకె. ఆ టోకెన్లలో కొన్ని సత్రానికి కానుకగా ఇస్తానంటూ కారేసుకుని వచ్చాడు. వాటి బజారు విలువ నాలుగు కోట్లని ఫోన్ చూపించాడు. బదులుగా అతనడిగింది ఒక్కటే. చెంచమ్మగారు గాడిద మీద చెయ్యి వేసి "మంచిది" అనాలి, తను వీడియో తీసుకుంటాడు.

ఆ ఒక్క మాట కోసం ఇంకొందరు కూడా కాచుకుని ఉన్నారు. సుదర్శనానికి తెలిసిన మగ్గాల ఆడవాళ్ళు ఇరవై ఇద్దరు. నూలు కొనడానికి మనిషికి పదివేలు కూడబెట్టుకున్నారు. అమ్మగారు ఊ అంటే ఆ డబ్బంతా దొరబాబు మీద పెడదామని ఆ పూట సత్రానికే వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో నాంచారమ్మ అనే ఆవిడ అంతదాకా ఆగలేక, సుదర్శనం మాట మీద సోమవారమే తన పదివేలూ పెట్టేసింది.

చెంచమ్మగారు చేట పక్కన పెట్టింది. "తప్పేముంది, పుచ్చుకుందాం. ఇవాళ వంట ఆ అబ్బాయి సొమ్ముతోనే. నూట నలభై విస్తళ్ళు, బియ్యానికీ పప్పుకీ తొమ్మిది వేలవుతుంది. అమ్మి తెమ్మను."

పక్కనే నిలబడ్డ తారకేష్ నవ్వాడు. "అమ్మగారూ, తొమ్మిది వేలు నా జేబులోంచి ఇస్తాను. టోకెన్లు ఇప్పుడే అమ్మకండి. ఇంకా పెరుగుతాయి."

"నీ జేబు నాకెందుకు నాయనా? నువ్విచ్చింది కోట్లు కదా. అందులోంచే తియ్యి."

అతను గోడ వైపు తిరిగి ఫోన్ నొక్కాడు. కాసేపటికి కిరాణా కొట్టుకి తొమ్మిది వేలు చేరాయి. దొరబాబు వీపు మీద బియ్యం వచ్చింది. సుదర్శనం తారకేష్ ఫోన్ వంక చూసి కళ్ళు నులుముకున్నాడు. నాలుగు కోట్లున్న చోట రెండు కోట్ల నలభై లక్షలుంది.

"తొమ్మిది వేల బియ్యం కొంటే కోటీ అరవై లక్షలు ఎలా పోయాయయ్యా?"

"అది మార్కెట్ అండీ. లిక్విడిటీ తక్కువ ఉంటే అంతే. అంటే, కొనేవాళ్ళ డబ్బు పడే ఉమ్మడి గల్లాపెట్టె అనుకోండి. అమ్మేవాళ్ళు అందులోంచే తీసుకోవాలి. తీసేకొద్దీ ధర పడుతుంది."

"ఆ పెట్టెలో ఎంతుంది?"

తారకేష్ ఫోన్ చూసి చెప్పాడు. "పొద్దున నలభై వేలు. ఇప్పుడు ముప్ఫై ఒకటి."

గడప దాటని కాళ్ళకి కోటలు దాటే మాటలంటే ఇదే. నాలుగు కోట్ల వెనక నలభై వేలు. చెంచమ్మగారికి మాత్రం ఆశ్చర్యం కలగలేదు. "ఆ పెట్టె తాళం ఎవరి దగ్గరుంటుంది?" అని అడిగింది.

"నా దగ్గరేనండీ. భద్రత కోసం. ఆ పెట్టెని నడిపే ప్రోగ్రామంతా చెక్ చేయించాం."

"ఎవరి చేత?"

"మా బావమరిది చేత."

పొయ్యి దగ్గరున్న వంటవాళ్ళు గరిటెలు ఆపి మరీ నవ్వారు. సుదర్శనానికి నవ్వు రాలేదు. దొంగ చేతికి తాళాలిచ్చి రమ్మని నాంచారమ్మని పంపినవాడు తనే.

మధ్యాహ్నం గంట కొట్టారు. విస్తళ్ళు వేశారు, అన్నం వడ్డించారు. సుదర్శనం సుద్దముక్క పట్టుకుని పలక దగ్గరికి వెళ్ళాడు. తారకేష్ వెనకే వచ్చాడు. "నా పేరు, కింద కంపెనీ పేరు రాయండి. ఫొటో తీసుకుంటాను."

చెంచమ్మగారు వాకిట్లోంచి అంది. "సొమ్ము ఎవరిదో వాళ్ళ పేరు రాయి సుదర్శనం. ఆరేళ్ళుగా రాస్తున్నావు, నీకు నేను చెప్పాలా?"

సుదర్శనం తారకేష్ వైపు తిరిగాడు. "ఆ నలభై వేలు ఎవరు పోశారు బాబూ?"

"కొన్నవాళ్ళు. ఎవరెవరో. వాళ్ళ ముఖాలు నాకేం తెలుసు?"

ఒక ముఖం సుదర్శనానికి తెలుసు. రెండో వరసలో నాలుగో విస్తరి ముందు కూర్చుని ఉంది. అతను ఆ పేరు రాసి పైకి చదివాడు. "నేటి అన్నదాత, నాంచారమ్మగారు."

"అన్నదాతా సుఖీభవ!" అని నూట నలభై గొంతులు లేచాయి.

నాంచారమ్మ ఉలిక్కిపడింది. "నేనెప్పుడు పెట్టానయ్యా అన్నం?"

"నీ పదివేల్లోంచే తీసి వండాం తల్లీ. ఈయన కోట్లలో ఉన్న నిజం డబ్బు నీదీ, నీలాంటి వాళ్ళదీ. పెట్టమన్న పాపం నాది." ఆ మాట అనడానికి సుదర్శనానికి సిగ్గు వేసింది. అయినా అన్నాడు.

తక్కిన ఇరవై ఒక్కరి చేతులూ కొంగు ముడుల మీదికి వెళ్ళాయి. నాంచారమ్మ లేచింది. అప్పటికే తారకేష్ కారెక్కి స్టార్ట్ చేశాడు. గేటుకి అడ్డంగా దొరబాబు నిలబడి ఉంది. హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. దొరబాబు తోక కూడా కదపలేదు.

"దాన్ని పక్కకి లాగండి!" అని అరిచాడు.

సుదర్శనం వెళ్ళి పలుపు చేతిలోకి తీసుకున్నాడు. లాగుతాడనే అందరూ అనుకున్నారు. అతను గాడిద పక్కన గాడిదలాగే నిలబడ్డాడు. "లాగను. ఈవిడ నూలు డబ్బు ఈవిడ చేతిలో పెట్టు. అప్పటిదాకా నేనూ దొరబాబూ ఇక్కడే."

"పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలువు నాయనా," అంది నాంచారమ్మ. "వాళ్ళకీ రెండు విస్తళ్ళు వేయిస్తాను. ఇవాళ అన్నదాతని నేనే కదా!"

ఎండ మండిపోతోంది. హారన్ ఇంకో పది నిమిషాలు మోగి ఆగింది. చివరికి కారు అద్దం దిగింది, నోట్లు బయటికి వచ్చాయి. నాంచారమ్మ రెండుసార్లు లెక్కపెట్టుకుని, పదివేలూ ఉన్నాయని తలూపింది. అప్పుడు సుదర్శనం పలుపు లాగాడు. కారు వెళ్ళిపోయింది. నాంచారమ్మ చల్లారిపోయిన విస్తరి ముందు కూర్చుని కడుపునిండా తింది.

సుదర్శనం గర్వంగానే లోపలికి వచ్చాడు. "ఆవిడ డబ్బు ఆవిడకి వచ్చేసిందమ్మా. ఇక పలక మీద పేరు చెరిపెయ్యనా?"

"చెరుపు," అంది చెంచమ్మగారు, విస్తళ్ళు ఎత్తుతూ. "కాని నూట నలభై మందిమి తిన్నాం కదా సుదర్శనం. ఆవిడది ఆవిడకి చేరితే, మనం తిన్నది ఆ పెట్టెలో పోసిన ఇంకెవరి సొమ్మో. పలక ఖాళీగా ఉండకూడదు."