ఊటమడుగులో తల్లుల వంతు

ఎండలు ముదిరాక ఆ అడవిలో నీళ్ళు మిగిలేది ఒక్క చోటే. రాతిగుట్ట కింద ఒక ఊట ఉంది. అది సన్నటి కాలువగా జారి, దిగువన మడుగు కట్టేది. వేసవి దాటేదాకా అడవంతా ఆ మడుగు మీదే బతికేది.

ఆ మడుగుకు ఒక కట్టుబాటు ఉండేది. పొద్దున మగవాళ్ళ వంతు. జింకపోతులు తాగేవి, మగ కొండముచ్చులు తాగేవి, మగపందులు తాగడమే కాకుండా ఎండ చుర్రుమనేదాకా అందులోనే పొర్లేవి. ఆ తర్వాత గట్టున కబుర్లు, కునుకులు. పిల్లల తల్లుల వంతు వచ్చేసరికి పొద్దు వాలిపోయేది. అప్పటికి మడుగులో మిగిలేది బురద. చిరుతపులి గుట్ట దిగే వేళ కూడా సరిగ్గా అదే.

మడుగు పెత్తనం అడవిపందుల పెద్ద కోరలయ్యది. ఎవరైనా నోరు విప్పితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"కాపలా కాసేది మగవాళ్ళం. అందుకని ముందు మేం తాగుతాం."

కాపలా మాట బాగానే ఉంది. కాకపోతే పొట్ట నిండా తాగిన ఆ కాపలాదార్లు సాయంత్రం చిరుత దిగే వేళకు ఎక్కడి పొదల్లో వాళ్ళు గుర్రు పెడుతూ ఉండేవాళ్ళు.

ఒక సాయంత్రం చుక్కమ్మ అనే లేడి తన బిడ్డను మడుగుకు తీసుకెళ్ళింది. నీళ్ళ కోసం లోపలికి దిగిన బిడ్డ కాళ్ళు బురదలో కూరుకుపోయాయి. చిరుత దూకింది. చుక్కమ్మ ఒక్కతే తిరిగొచ్చింది.

మర్నాడు ఆమె తిన్నగా మడుగు గట్టుకు నడిచింది. కోరలయ్య మెడదాకా నీళ్ళలో ఉన్నాడు. పక్కనే ఆయన సలహాదారు నక్క మంతనాలయ్య తేటనీళ్ళు చప్పరిస్తున్నాడు.

"పెద్దయ్యా, పొద్దుటి వంతు తల్లులకు కావాలి."

"ఏడుపు తగ్గాక రా అమ్మాయ్. అప్పుడు మాట్లాడదాం."

"నేను ఏడవడం లేదు. అడుగుతున్నాను."

"మీ అమ్మ ఏనాడైనా అడిగిందా? మీ అమ్మమ్మ అడిగిందా?"

"అడగలేదు. వాళ్ళ పిల్లల్ని కూడా చిరుతే తింది."

కోరలయ్య మూతి నీళ్ళలో ముంచి బుడగలు ఊదాడు. మాట అయిపోయిందని దానర్థం.

చుక్కమ్మ అడిగిందన్న సంగతి అడవంతా పాకింది. ఎవరి తీరులో వాళ్ళు కదిలారు. కొండముచ్చు ఆడవాళ్ళకు మసెమ్మ పెద్ద. ఆమె తన వాళ్ళందరినీ మడుగు మీది కొమ్మలెక్కించి, గొంతులు పగిలేలా అరిపించింది. మగవాళ్ళు "కోతిగోల" అని నవ్వుకుని స్నానాలు చేశారు. లేళ్ళకు అరవడం చేతకాదు. అవి మడుగు దారికి అడ్డంగా వరుసగా నిలబడి, కళ్ళెత్తి చూస్తూ ఊరుకున్నాయి. మగవాళ్ళు పక్కనుంచి తప్పుకుని పోయారు. కోరలయ్య కోడలు ముట్టెమ్మకు అరవడమూ రాదు, నిలబడడమూ రాదు. ఆమె ఆడపందుల్ని వెంటబెట్టుకుని మగవాళ్ళు కునుకు తీసే గట్టంతా మూతులతో పెళ్ళగించింది. మగపందులు ఒక్కసారి వెంటపడేసరికి అందరూ చెల్లాచెదురయ్యారు.

ఆ రోజుల్లోనే పొరుగడవి నుంచి ఏనుగుల గుంపు ఒకటి అటు దిగింది. దాన్ని నడిపించేది ఒక ముసలి ఏనుగు. అందరూ ఆమెను అవ్వా అని పిలిచేవాళ్ళు. సంగతంతా విని అవ్వ తొండం ఆడించింది.

"అడగడమేమిటే పిల్లల్లారా? మా దగ్గర ఎటు పోవాలో ముసలిది చెబుతుంది, గుంపు నడుస్తుంది. పొద్దున్నే వెళ్ళి నీళ్ళలో దిగండి. ఎవడాపుతాడో చూద్దాం!"

"నీ అంత ఒళ్ళు ఉంటే నేనూ అడగను అవ్వా," అంది చుక్కమ్మ. "నేను దిగితే కోరలయ్య కోర నా డొక్కలో దిగుతుంది."

అవ్వ చుక్కమ్మ సన్నటి కాళ్ళ వైపు చూసి, "నిజమే. నా కాళ్ళతో నీ దారి కొలిచాను," అంది.

అవతల కోరలయ్యకు గుబులు పట్టుకుంది.

"ఏమయ్యా మంతనాలూ, వీళ్ళు రోజూ ఏదో ఒకటి చేస్తున్నారు. ముగ్గురూ ఒక్కటైతే ఎలా?"

"ఒక్కటి కమ్మని నేనే చెబుతాను పెద్దయ్యా. ఇక చూసుకోండి, జన్మలో ఒక్కటి కారు," అన్నాడు నక్క.

వెంటనే తల్లుల దగ్గరికి వెళ్ళాడు. గొంతులో తేనె పోసుకుని మాట్లాడాడు.

"అమ్మలారా, పెద్దయ్య మనసు కరిగింది. వంతు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. ఒక్కటే చిక్కు. ఒకళ్ళు అరుస్తారు, ఒకళ్ళు నిలబడతారు, ఒకళ్ళు తవ్వుతారు. ఎవరి మాట వినాలి ఆయన? ఆడవాళ్ళు అడిగే పద్ధతి ఏదో మీలో మీరే తేల్చుకోండి. అందరూ ఒకే తీరుగా వచ్చి అడిగిన రోజు వంతు మీదే."

వినడానికి న్యాయంగానే ఉంది. అందరూ తలలూపారు. అక్కడితో తగువు మొదలైంది.

"అరవాలి! నోరు మూసుకుని నిలబడితే ఎవడిస్తాడు?" అంది మసెమ్మ.

"మా ఇళ్ళలో ఆడపిల్ల గొంతు పక్క పొదకు వినపడదు. మీలా అరిస్తే మా పిల్లలే మమ్మల్ని చూసి సిగ్గుపడతారు," అంది చుక్కమ్మ.

"సిగ్గుపడుతూ కూర్చో. ఆ సిగ్గే మగవాళ్ళకు కావాల్సింది."

"మీ ఇద్దరిదీ మాటలే. చేసేది నేనొక్కదాన్ని," అంది ముట్టెమ్మ.

"నువ్వు చేసిందేముంది? గుంటలు!"

నక్క ఊరుకోలేదు. ఒక్కొక్కరినీ విడిగా కలిసి చెవిలో ఊదాడు. కొన్నాళ్ళకు లేళ్ళు, కొండముచ్చులు ఒకే చెట్టు నీడలో నిలబడడం మానేశాయి. పందులు ఎవరితోనూ పలకడం మానేశాయి. అరుపులు ఆగాయి, నిలబడడం ఆగింది, తవ్వడం ఆగింది. కోరలయ్య హాయిగా పొర్లాడు.

ఇంతలో ఒక సాయంత్రం చిరుత పంజా ముట్టెమ్మ కూతురి వీపు చీల్చింది. ముట్టెమ్మ అడ్డంపడి చిరుతను తలతో కుమ్మబట్టి పిల్ల ప్రాణాలతో బయటపడింది. అది కోరలయ్యకు సొంత మనవరాలు. "దెబ్బ మానిపోతుందిలే," అని కబురు పంపాడు గానీ మడుగు వదిలి రాలేదు.

చుక్కమ్మ వచ్చింది. ఏమీ అడగకుండా పిల్ల పక్కన కూర్చుని గాయం నాకడం మొదలుపెట్టింది. కాసేపటికి మసెమ్మ ఏవో ఆకులు నమిలి తెచ్చి గాయం మీద అద్దింది. చాలాసేపు ఎవరూ ఎవరి మొహం చూడలేదు. పిల్ల మూలుగుతోంది.

చివరికి మసెమ్మే ఉండబట్టలేక అంది. "నువ్వు మాకు తెలియకుండా కోరలయ్యతో ఒప్పందం చేసుకున్నావటగా. లేళ్ళకు మాత్రం పొద్దుటి వంతట."

చుక్కమ్మ తల ఎత్తింది. "ఎవరు చెప్పారు?"

"మంతనాలయ్య."

"నాకు చెప్పింది వేరే. మీరు మా పక్కన నిలబడితే మీ పిల్లలకు లేడి పిరికితనం అంటుకుంటుందని నువ్వే ఎగతాళి చేశావట."

"నేనా!"

"నాతో అన్నాడు," అంది ముట్టెమ్మ నెమ్మదిగా, "మీ ఇద్దరూ మమ్మల్ని బురదముండలని తిడుతున్నారని."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. చుక్కమ్మ లేచి నిలబడింది. బిడ్డ పోయిన రోజు కూడా ఎవరూ చూడని కోపం ఆమె కళ్ళలో కనబడింది.

"ఒకే తీరుగా అడగమన్నాడు. లేడికి అరవడం రాదని వాడికి తెలుసు. కొండముచ్చుకు మౌనంగా ఉండడం రాదని తెలుసు. అందుకే అలా అన్నాడు. మసెమ్మా, నీ అరుపులు నాకు నచ్చవు."

"నీ నిలబడడం చూస్తే నాకు నిద్రొస్తుంది," అంది మసెమ్మ.

"సరే. మరి రేపు పొద్దున నువ్వు అరుస్తావు, నేను నిలబడతాను, ముట్టెమ్మ తవ్వుతుంది. కానీ ముగ్గురం ఒకే చోట, ఒకే వేళకి."

ముట్టెమ్మ మొదటిసారి నవ్వింది. "ఎక్కడ తవ్వాలో నాకు తెలుసు."

ఇక మిగిలింది నక్క సంగతి. చుక్కమ్మ వాణ్ణి దారిలో పట్టుకుంది. మొహం దిగాలుగా పెట్టింది.

"మంతనాలయ్యా, మాకిక కుదరదు. రేపు పొద్దున గుట్ట అవతల ఆడవాళ్ళమంతా చేరుతున్నాం. అరవడమా, నిలబడడమా, తవ్వడమా, అక్కడే తన్నుకుని తేల్చుకుంటాం."

"అయ్యయ్యో, అంతదాకా వచ్చిందా!" అని నక్క నొచ్చుకున్నాడు. పొద దాటగానే పరుగు లంకించుకుని కోరలయ్యకు శుభవార్త చెప్పాడు.

అవ్వ ఈ ఏర్పాటు విని, "నేను ముందు నడుస్తాను. నన్ను చూస్తే వాళ్ళే పారిపోతారు," అంది.

"వద్దవ్వా. నువ్వు గెలిచిపెడితే నువ్వు వెళ్ళిపోయిన మర్నాడే లాక్కుంటారు. మా వెనక ఉండు చాలు. పిల్లల్ని నీ కడుపు కింద పెట్టుకో."

"అలాగే తల్లీ," అంది అవ్వ.

తెల్లవారింది. మగవాళ్ళు ఆవలిస్తూ మడుగుకు వచ్చారు. కోరలయ్య నీళ్ళలో మూతి పెట్టి, తుపుక్కున ఉమ్మేశాడు. మడుగంతా చిక్కటి బురద. ఎగువన ఊటకాలువ గట్టున ఆడపందులు వరుసగా నిలబడి తవ్వుతున్నాయి. పెళ్ళగించిన మట్టి కాలువలో పడి మడుగులోకి జారుతోంది.

"ఏయ్ కోడలా! తాగే నీళ్ళు పాడుచేస్తావా?"

"పాడుచేయడమేమిటి మావయ్యా? మేం రోజూ తాగేవి ఇవే!"

కోరలయ్య రొప్పుతూ పైకి దూసుకెళ్ళాడు. ఊటకు వెళ్ళే దారి ఒక్కటే. ఆ దారి నిండా లేళ్ళు భుజం భుజం ఆనించి నిలబడి ఉన్నాయి. పక్కనుంచి తప్పుకుందామని చూస్తే రెండువైపులా ముట్టెమ్మ వాళ్ళు తవ్విన లోతైన గుంటలు. ముందున్నది చుక్కమ్మ. ఆమె కదల్లేదు.

"తప్పుకో! ఇదంతా ఆ పొరుగడవి ఏనుగు నేర్పిన పాఠం. మన ఆడవాళ్ళకు ఇలాంటి బుద్ధులు లేవు!"

"నా బిడ్డ చచ్చిన రోజుకి అవ్వ ఈ అడవిలో అడుగే పెట్టలేదు పెద్దయ్యా."

కోరలయ్య కోరలు దించి ముందుకు ఉరికాడు. మూరెడు దూరంలో ఆగిపోయాడు. లేళ్ళ వెనక అవ్వ కొండలా నిలబడి ఉంది. ఆమె పొట్ట కింద అడవిలోని పిల్లలంతా ఉన్నారు. వాళ్ళ మధ్యనుంచి వీపు చీరుకుపోయిన మనవరాలు తాతను చూస్తోంది.

అప్పుడు మసెమ్మ చెయ్యెత్తింది. ప్రతి కొమ్మ మీంచీ కొండముచ్చు ఆడవాళ్ళు ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టారు. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆపలేదు. మామూలుగా చిరుత కనబడితే అందర్నీ హెచ్చరించే అరుపు అదే. ఇప్పుడు అడవంతా అదే అరుపు. ఏది హెచ్చరికో, ఏది కాదో తెలియడం లేదు. జింకపోతుల కాళ్ళు తడబడ్డాయి.

"పెద్దయ్యా, చిరుత ఎటుందో ఏమీ తెలియడం లేదు! ఇట్లా భయపడుతూ నీళ్ళు తాగడం ఎలా?" అన్నాడు ఒక జింకపోతు.

"పుట్టినప్పటినుంచీ మేం తాగుతున్నది ఇట్లాగే," అంది చుక్కమ్మ.

జింకపోతు తల దించుకున్నాడు. వెనక ఎవరో, "ఇచ్చేయండి పెద్దయ్యా, వాళ్ళ వంతు వాళ్ళకు," అన్నారు. ఇంకెవరో అదే మాట అన్నారు. కోరలయ్య చుట్టూ చూశాడు. ఎగువన తవ్వుతున్న కోడలు, ఎదురుగా కదలని లేళ్ళు, తల మీద ఆగని అరుపు. కోపమంతా నక్క మీదికి మళ్ళింది.

"గుట్ట అవతల తన్నుకుంటారన్నావు కదరా!"

మంతనాలయ్య చప్పున లేళ్ళ వైపు జరిగాడు. "నేను మొదటినుంచీ మీ పక్షమే కదమ్మా! ఒక్కటి కమ్మని చెప్పింది నేనే కదా!"

"అవును," అంది మసెమ్మ కొమ్మ మీంచి. "నీ మాట విన్నాం. ఒక్కటయ్యాం. ఇప్పుడు పారిపో!"

కోరలయ్య వెంటపడితే నక్క గుంటల్లో పడుతూ లేస్తూ గుట్ట దాటేదాకా పరిగెత్తాడు.

ఆ పూటే కట్టుబాటు మారింది. పొద్దున తల్లులు, పిల్లలు. వాళ్ళ తర్వాత మగవాళ్ళు. పొద్దు వాలాక మడుగు దగ్గర ఎవరూ ఉండకూడదు. కోరలయ్య ఇష్టంగా ఒప్పుకోలేదు. ఒప్పుకోక తప్పలేదు. ముట్టెమ్మ మట్టి తీసేసి కాలువ బాగుచేసింది. నీళ్ళు తేరుకున్నాక మొదట గాయపడిన పిల్ల దిగి, కడుపు నిండా తాగింది. అది చూసి అవ్వ, "మా అడవిలో నాకు ఇట్లాంటి అవసరం రాలేదు. వచ్చుంటే ఇంత బాగా చేసేదాన్ని కాదేమో," అని తన గుంపును నడిపించుకుని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళు పోయాక మంతనాలయ్య తోక ముడుచుకుని మళ్ళీ వచ్చాడు. చుక్కమ్మ ఒంటరిగా కనబడేసరికి పాత తేనె గొంతులోకి వచ్చింది.

"నిజం చెప్పు వదినా, ఆ కొండముచ్చుల గోల నీకు నచ్చుతుందా?"

"నచ్చదు. చెవులు చిల్లులు పడతాయి," అంది చుక్కమ్మ గడ్డి నములుతూ. "అయితే ఏమిటంట?"

నక్క వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

నీతి: అందరూ ఒకేలా అడిగితేనే ఇస్తాననేవాడు, ఎలా అడిగినా ఇవ్వదలచుకోనివాడే.