వెనక్కి చూడని ఊరు

అనగా అనగా, సముద్రాలన్నీ దాటి వెళితే యవన దేశం. ఆ దేశంలో ఒక రేవు పట్నం. ఆ పట్నంలో మూడు దారులు కలిసే చోట ఒక రాతి స్తంభం, స్తంభం మీద ఒక దేవత. ఆమె పేరు హెకటే.

ఆమె మంత్రాల తల్లి. ఒక్క ఒంటికి మూడు ముఖాలు, ఒక్కో దారికి ఒక్కో ముఖం. చేతుల్లో కాగడాలు, నడుముకు తాళంచెవులు, పాదాల దగ్గర నల్లకుక్క. మంత్రాల తల్లి అనగానే ముడుచుకుపోకండి పిల్లలూ. మంత్రం తెలిసిన ఆడదంటే లోకానికి మొదటినుంచీ వణుకే. ఆ వణుకు లోకానిది, తప్పు ఆమెది కాదు. దారి తెలియనివాళ్ళకు దీపం పట్టడమే ఆమె పని.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ప్రతి అమావాస్యకూ ఇల్లంతా ఊడ్చి కడుక్కునేవాళ్ళు. పొద్దు వాలుతుండగా రొట్టె, గుడ్డు, చిన్న చేపలు మట్టి మూకుడులో సర్దుకుని కూడలికి వెళ్ళేవాళ్ళు. స్తంభం కింద పెట్టి, దణ్ణం పెట్టి, ఇంటిదారి పట్టేవాళ్ళు. వచ్చేటప్పుడు మాత్రం వెనక్కి తిరిగి చూడకూడదు. మన వీధుల్లో దిష్టి తీసి కూడలిలో పారేసి వస్తారే, అచ్చం అలాగే. ఎందుకని అడిగితే, "చూస్తే తల్లికి కోపం" అనేవాళ్ళు. తెల్లవారేసరికి మూకుళ్ళు ఖాళీ. తల్లి ఆరగించిందని అందరికీ సంతోషం.

ఆ ఊళ్ళో ఫీడోన్ అనే నూనె వర్తకుడు ఉండేవాడు. నూనె జాడీలతో వెళ్ళిన అతని ఓడ తిరిగి రాలేదు. సముద్రం మీద కూడా ఆ తల్లి మాట చెల్లుతుందని నమ్మకం కదా, మొదటి అమావాస్యకు బార్లీ రొట్టెలు పెట్టాడు. ఓడ రాలేదు. రెండో అమావాస్యకు వేయించిన చేపలు పెట్టాడు. ఓడ రాలేదు. మూడో అమావాస్యకు తేనె అప్పాలు పెట్టాడు. పెట్టి, నాలుగడుగులు వేసి, ఒక గోడ చాటున ఆగి, వెనక్కి తిరిగి చూశాడు.

స్తంభం దగ్గర మిర్తో కనిపించింది. మిర్తో వలలు అల్లుకుని బతికే మనిషి. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది, ఇంట్లో పాలపళ్ళ కూతురు. మిర్తో స్తంభం మీది తల్లికి దణ్ణం పెట్టింది. మొదటి అప్పం విరిచి ఒక వీధికుక్కకు వేసింది. మిగిలినవి పైగుడ్డలో మూటకట్టుకుని వెళ్ళిపోయింది.

"ఓహో, నా ఓడ రాకపోవడానికి కారణం ఇదా" అనుకున్నాడు ఫీడోన్. గాలిని అనలేడు, అలను అనలేడు. ఒంటరి ఆడది దొరికింది, ఇక చాలు.

దేవత సొత్తు దొంగిలించినవాళ్ళను పొద్దు కుంకేలోగా పొలిమేర దాటించాలని ఆ ఊరి కట్టుబాటు. మర్నాడు ఫీడోన్ మిర్తోను కూడలికి ఈడ్చుకొచ్చాడు. పసిది అమ్మ కాళ్ళను కరుచుకుని వచ్చింది. ఊరంతా చేరింది. తీర్పు చెప్పాల్సింది గుడి తాళాలు మోసే ముసలి పూజారిణి థియానో. ఊరివాళ్ళకు ఆమె తాళాలవ్వ.

"తల్లి నైవేద్యం ఈమె ఎత్తుకుపోతోంది. దీన్నీ దీని పిల్లనూ వెళ్ళగొట్టండి" అన్నాడు ఫీడోన్.

"ఎవరు చూశారు నాయనా?" అంది తాళాలవ్వ.

ఫీడోన్ నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. చూశానంటే వెనక్కి తిరిగానని ఒప్పుకున్నట్టే. "ఊళ్ళో అందరికీ తెలుసు. అడగండి" అన్నాడు.

అవ్వ రొట్టెలు కాల్చే ఆవిణ్ణి అడిగింది.

"నాకు మెడ పట్టేసింది అవ్వా. అమావాస్య పూట అసలే తిరగదు."

చేపలు పట్టేవాణ్ణి అడిగింది.

"ఇంటికి పోతే మా ఆవిడ ఏం తిడుతుందో అన్న దిగులుతో ముందుకే చూస్తా అవ్వా. వెనక్కి చూసే తీరిక నాకెక్కడిది?"

కుమ్మరిని అడిగింది.

"నేనూ చూళ్ళేదు. కాకపోతే నా మూకుళ్ళు పొద్దున్నకి కడిగి బోర్లించి ఉంటాయి. తల్లి మహా శుభ్రమైన మనిషి."

జనంలో నవ్వులు. ఫీడోన్ మొహం కందగడ్డ అయింది. "సరే, పేరు చెప్పకపోతే మానండి. ఈ కూడలి పక్కన పడుకునే బీదాబిక్కీ అందర్నీ తరిమేయండి. ఆ కుంటి ముసలాడూ, ఆ గుడ్డిదీ, అందరూ పోవాలి. దొంగ వాళ్ళలోనే ఉంటుంది" అన్నాడు.

కుంటి ముసలాడు కర్ర పట్టుకుని లేవబోయాడు. అతన్ని మిర్తో ఆపింది.

"కూర్చో తాతా" అని, అవ్వ వైపు తిరిగింది. నోరు మెదపకపోతే ఆమె తప్పించుకునేదే. అయినా చెప్పింది. "తిన్నది నేను. నా బిడ్డకు పెట్టాను. దాచుకోను. పొమ్మంటే పోతాను, వీళ్ళను వదిలేయండి."

ఫీడోన్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "విన్నారా? నేను కళ్ళారా చూశాను. నా తేనె అప్పం ముందు కుక్కకు వేసి, ఆ తర్వాతే మూట కట్టింది."

కూడలిలో అందరూ అతని వైపు తిరిగారు. అన్న మాట ఏమిటో అతనికి కాస్త ఆలస్యంగా అర్థమైంది.

తాళాలవ్వ మెల్లిగా లేచింది. "ఫీడోనూ, మూడు ముఖాలున్న తల్లి. ఏ దారిన ఎవరొస్తున్నారో, ఎవరేం తింటున్నారో ఆమెకు కనబడదా? నీ కళ్ళు ఎరువిచ్చావా ఆమెకు?"

అవ్వ స్తంభం కింద బోర్లించిన మూకుడొకటి చేతికి తీసుకుంది.

"వెనక్కి చూడొద్దన్నది తల్లి కోపానికి భయపడి కాదురా. పెట్టినవాడి చూపు తిన్నవాడి మీద పడకూడదని. రాయి రొట్టె తినదని ఈ ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు. తల్లి ఎవరి నోటితో తినాలో తల్లి ఇష్టం. నిన్న మిర్తో నోటితో తింది. అది దొంగతనం కాదు, ఆమె ఎక్కడికీ పోదు. నువ్వు మాత్రం వచ్చే అమావాస్యకు పెట్టడానికి రాకు. తినడానికి రా."

అమావాస్య వచ్చింది. ఫీడోన్ పగలంతా పస్తుండి, వట్టి చేతులతో స్తంభం పక్కన కూర్చున్నాడు. ఎదిగిన మనిషి, గువ్వలా ముడుచుకున్నాడు. ఎవరు గుర్తుపడతారో, ఎవరు రేపు నవ్వుతారో అని పైగుడ్డ తల మీదికి లాక్కున్నాడు.

జనం వచ్చారు. రొట్టెలావిడ పెట్టి వెళ్ళింది. చేపలవాడు పెట్టి వెళ్ళాడు. కుమ్మరి పెట్టి వెళ్ళాడు. చివరికి మిర్తో కూడా వచ్చింది, పసిదాని చేత ఒక గుడ్డు పెట్టించి వెళ్ళింది. అతను దూరమయ్యే వీపులను ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మెడా తిరగలేదు.

అప్పుడు రొట్టె విరిచాడు. మొదటి ముక్క కుక్కకు వేశాడు. రెండోది నోట్లో పెట్టుకున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. చూసేవాళ్ళుంటే కదా తుడుచుకోవడానికి.

మరి ఓడ వచ్చిందా అంటారా? వచ్చింది. గాలి తిరిగాక వచ్చింది, అది గాలి సంగతి. మన కథకు దానితో పని లేదు.

ఆకలిగొన్నవాళ్ళకు అన్నం పెట్టడం దానం. తినేవేళ వాళ్ళకు తల వంచుకునే అవసరం రానివ్వకపోవడం ధర్మం.